వ్యసన విముక్తి కౌన్సెలింగ్ – ఆ చదువును నిలబెట్టిన మనుషులు



మన చెన్నూరు చుట్టుపక్కల ఊళ్లలో తాగుడు మాన్పించడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది ఒట్టు. గుడికి తీసుకుపోయి దేవుని ముందు ప్రమాణం చేయిస్తారు. రెండోది గోడల మీద రాసి ఉండే మందు. మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెడతారు. మూడోది తిట్టడం, కొట్టడం, అలిగి పుట్టింటికి పోవడం. ఈ మూడింటి ఫలితం ఎంతవరకు ఉంటుందో మనలో చాలామందికి ఇంట్లోనే తెలుసు.

నాలుగో పద్ధతి కౌన్సెలింగ్. ఇది ఉత్త సలహా చెప్పడం కాదు. దీనికి పాఠాలున్నాయి, శిక్షణ ఉంది, పరీక్ష ఉంది, ఉద్యోగం కూడా ఉంది. నేను ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతున్నందువల్ల ఈ విషయం నా పాఠాలలోకి వచ్చింది. చదువుతున్నకొద్దీ నాకు ఒక సంగతి స్పష్టమైంది. ఈ చదువును నిలబెట్టినవారిలో పెద్ద డాక్టర్లు కొందరే. మిగతావారు తాగి బాగుపడ్డవారు, తాగుడు వల్ల ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారు, మామూలు ఉద్యోగులు. ఆ మనుషుల గురించి, వారు నేర్పిన పని గురించి మీకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా తెలుసుకోవలసింది

తాగడం మొదలుపెట్టేది మనిషి ఇష్టమే. కానీ ఏళ్లతరబడి రోజూ తాగితే మెదడు, నరాలు ఆ మత్తుకు అలవాటు పడిపోతాయి. అప్పుడు మానేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజుల తర్వాత లేనివి కనబడడం, ఎవరో పిలిచినట్టు వినబడడం జరుగుతుంది. ఇది దయ్యం పట్టడం కాదు. ఆసుపత్రిలో వెంటనే చూపించాల్సిన స్థితి. చూపించకపోతే ప్రాణం కూడా పోవచ్చు.

మన తెలంగాణలో దీనికి తోడు కల్తీ కల్లు ఉంది. చెట్టు కల్లు చాలక క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తు మందులు కలుపుతారు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు చేసి సరఫరా ఆపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎంతోమంది ఒక్కసారిగా పిచ్చిగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో జిల్లా ఆసుపత్రులకు, హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు చేరారు. దుకాణం మూయడం ఒక పని, దానికి అలవాటు పడిన మనిషిని ఒడ్డుకు చేర్చడం ఇంకొక పని అని అప్పుడు అందరికీ తెలిసింది.

అమెరికాలో మొదటి బడి

ఈ రెండో పనిని మొదటిసారి విశ్వవిద్యాలయంలో పాఠంగా పెట్టినవారిలో ముఖ్యులు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు. అక్కడ హోవర్డ్ హగ్గార్డ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ప్రయోగశాల నడిపేవారు. ఆయన దగ్గరికి ఇ.ఎం. జెల్లినెక్ అనే గణాంక నిపుణుడు వచ్చి చేరారు. సెల్డెన్ బేకన్ అనే సమాజశాస్త్రవేత్త తోడయ్యారు. వీరు 1943లో మద్యపాన సమస్యపై వేసవి పాఠశాల ప్రారంభించారు. ఇక్కడ మనం గమనించాల్సింది విద్యార్థులు ఎవరన్నది. చర్చి ఫాదర్లు, బడి పంతుళ్లు, సంఘ సేవకులు వచ్చి కూర్చున్నారు. 1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘాన్ని డాక్టర్ బాబ్‌తో కలిసి స్థాపించిన బిల్ విల్సన్ అక్కడ ఉపన్యాసం ఇచ్చారు. ఆయన చదువు చెప్పే ప్రొఫెసర్ కాదు, తాగి తాగి మానిన మనిషి.

మార్టీ మాన్ అనే మహిళ కూడా ఈ యేల్ బడికి సంబంధించినవారే. ఆమె కూడా తాగుడు నుండి బయటపడినవారు. ఆ కాలంలో ఆడమనిషి 'నేను తాగుబోతును' అని నలుగురిలో చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. ఆమె 1944లో యేల్ వారి అండతో ఒక జాతీయ సంఘం పెట్టి, దేశమంతా తిరిగి మూడు విషయాలు చెప్పారు. ఇది జబ్బు. ఈ జబ్బు ఉన్నవానికి సాయం చేయవచ్చు, చేయదగినవాడే. ఇది ప్రజలందరి బాధ్యత. ఈ మూడింటిలో రెండోదే ముఖ్యమని నాకు అనిపిస్తుంది. మన దగ్గర 'వాడు సాయం చేయదగినవాడు' అనే మాటే ముందు పోతుంది. ఆ వేసవి పాఠశాల 1962లో రట్‌గర్స్ విశ్వవిద్యాలయానికి మారి అక్కడ కొనసాగింది.

బాగుపడ్డవానికి కొలువు

కౌన్సెలర్ అనే ఉద్యోగం ఎలా పుట్టిందో కూడా తెలుసుకోవాలి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో విల్‌మార్ అనే ఊరిలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండేది. 1950ల్లో దానికి నెల్సన్ బ్రాడ్లీ అనే డాక్టర్ సూపరింటెండెంట్. డేనియల్ ఆండర్సన్ అనే మానసిక శాస్త్రవేత్త ఆయనతో పనిచేసేవారు. రోగులు డాక్టర్లతో మాట్లాడని మాటలు బాగుపడ్డ తాగుబోతులతో మాట్లాడుతున్నారని వీరు గమనించారు. అలాంటివారిని ఆసుపత్రిలో జీతానికి పెట్టుకుందామన్నారు. చదువుకున్న ఉద్యోగుల నుండి అభ్యంతరాలు వచ్చాయి. అయినా పట్టుబట్టడంతో 1954లో ఆ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల జాబితాలో మద్యపాన కౌన్సెలర్ అనే పోస్టు చేరింది. డాక్టర్, నర్సు, మానసిక శాస్త్రవేత్త, కౌన్సెలర్ అందరూ ఒక జట్టుగా పనిచేసే ఈ పద్ధతికే మిన్నెసోటా పద్ధతి అని పేరు.

మద్రాసులో ఒక భార్య

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మన ఇళ్లలో ప్రెస్టీజ్ కుక్కర్ పేరు తెలియనివారు లేరు. ఆ కంపెనీ నడిపే టి.టి.కె. కుటుంబం మద్రాసులో పేరుమోసిన కుటుంబం. ఆ ఇంటి కొడుకు టి.టి. రంగనాథన్ తాగుడుకు బానిసై 1979లో చిన్న వయసులోనే చనిపోయారు. డబ్బుకు కొదువ లేదు, డాక్టర్లకు కొదువ లేదు. కానీ ఈ జబ్బుకు ప్రత్యేకంగా చికిత్స చేసే చోటు మన దేశంలో అప్పుడు దాదాపు లేదు. ఆయన భార్య శాంతి రంగనాథన్ సోషల్ వర్క్ చదివినవారు. ఆమె 1980లో భర్త పేరు మీద టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ స్థాపించారు. అదే టి.టి.కె. ఆసుపత్రి.

ఆ ఆసుపత్రి మందులు ఇచ్చి పంపడంతో ఆగలేదు. రోగితో పాటు భార్యకు, తల్లిదండ్రులకు కూడా కార్యక్రమం పెట్టింది. ఎందుకంటే తాగేవాడు ఒక్కడే అయినా జబ్బు ఇల్లంతటికీ వస్తుందని ఆమెకు అనుభవం. మరో ముఖ్యమైన పని, వేరే సంస్థల కౌన్సెలర్లకు శిక్షణ ఇవ్వడం. వారు తయారుచేసిన శిక్షణ పుస్తకాలు దేశమంతటా డీ అడిక్షన్ సెంటర్లలో వాడారు.

పల్లెల గురించి కూడా ఆమె ఆలోచించారు. కూలి మనిషి నెలరోజులు పట్నంలో ఉండి చికిత్స చేయించుకోలేడు. అందుకని తమిళనాడులోని మంజక్కుడి అనే పల్లెలోనే శిబిరం పెట్టి, ఊరివారి సాయంతో అక్కడే చికిత్స చేశారు. ఆ అనుభవాన్ని ఆమె 1994లో అడిక్షన్ అనే అంతర్జాతీయ పత్రికలో వ్యాసంగా రాశారు. ఆమెకు 1992లో పద్మశ్రీ, 1999లో ఐక్యరాజ్యసమితి వియన్నా పౌర సమాజ పురస్కారం వచ్చాయి.

మాట ఎలా మాట్లాడాలి

కౌన్సెలింగ్ అంటే మంచి మాటలు చెప్పడమే కదా, దానికి శిక్షణ ఎందుకని కొందరు అడుగుతారు. దీనికి జవాబు అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ విలియం మిల్లర్ పరిశోధనలో ఉంది. ఒకే పద్ధతి నేర్చుకున్న కౌన్సెలర్లలో కూడా ఎదుటివారిని అర్థం చేసుకుని వినేవారి దగ్గరికి వచ్చినవారు ఎక్కువ మేలు పొందారని ఆయన 1980 ప్రాంతంలో గమనించారు. 1983లో ఒక కొత్త సంభాషణ పద్ధతిని వ్యాసంగా ప్రకటించారు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకం రాశారు. ఇంగ్లీషులో దీనిని మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. దీని సారం చాలా సులభం. మనం గట్టిగా మానమంటే అతడు అంత గట్టిగా మాననని వాదిస్తాడు. మానాలనే మాట అతని నోటి నుండే రావాలి.

మన భాషలో అభ్యాసం చేసి చూస్తే ఇలా ఉంటుంది. మొదట తప్పు పద్ధతి:

'గిట్ల తాగితే సస్తవ్ కాకా. పిల్లలు ఆగమైతరు. ఇడిసిపెట్టు.'

'నేనేమన్న మంది సొమ్ముతోని తాగుతున్ననా? నా కష్టం నాది.'

మాట అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు రెండో పద్ధతి:

'కాకా, తాగితే నీకు మంచిగ అనిపించేది ఏంది?'

'బాయిల పని చేసొచ్చినంక ఒళ్లంత నొప్పులు బిడ్డా. తాగితే జర పానం తేలికయితది.'

'నొప్పులకు ఓర్వలేక తాగుతున్నవ్. మరి దీనితోని నచ్చనిది ఏమన్న ఉన్నదా?'

'ఏముంటది... పెద్దబిడ్డ నాతోని మాట్లాడుతలేదు.'

'బిడ్డ మాట్లాడాల్నని నీకు మస్తుగున్నది.'

ఇక్కడ కౌన్సెలర్ ఒక్క సలహా కూడా చెప్పలేదు. కానీ మానడానికి కారణం అతని నోటి నుండే వచ్చింది. ఇది చూడడానికి తేలిక, చేయడానికి కష్టం. ఎందుకంటే మనకు చిన్నప్పటి నుండి చెప్పడమే అలవాటు, వినడం అలవాటు లేదు. అందుకే శిక్షణ కావాలి.

ఇంకొక పనిముట్టు కూడా చెబుతాను. అమెరికన్ డాక్టర్ జాన్ యూయింగ్ 1984లో ప్రచురించిన వ్యాసంలో నాలుగు ప్రశ్నల పరీక్ష ఉంది. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనుకున్నారా, తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకు వచ్చిందా, తప్పు చేస్తున్నానని బాధ కలిగిందా, పొద్దున్న లేవగానే తాగాల్సి వచ్చిందా అన్నవే ఆ నాలుగు. రెండు గాని అంతకంటే ఎక్కువ గాని 'అవును' అయితే వివరంగా పరీక్షించాలి. పదో తరగతి చదివినవారు కూడా ఈ ప్రశ్నలు అడగవచ్చు. కానీ అడిగే తీరు మర్యాదగా ఉండాలి.

గోవాలో రుజువైన సంగతి

పెద్ద డిగ్రీ లేనివారు ఈ పని చేయగలరా అనే అనుమానం సహజం. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్, డాక్టర్ అభిజిత్ నాడ్కర్ణి బృందం దీనిని పరీక్షించింది. మానసిక వైద్యంలో ముందు చదువు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో హానికరంగా తాగే మగవారితో కొద్ది విడతలు మాట్లాడించారు. ఆ కౌన్సెలర్లు తమ సంభాషణలను రికార్డు చేసి, ఒకరివి ఒకరు విని తప్పొప్పులు చెప్పుకునేవారు. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో మూడు నెలల తర్వాత 26 శాతం మంది ప్రమాద స్థాయి నుండి బయటపడితే, కౌన్సెలింగ్ కూడా పొందినవారిలో 36 శాతం మంది బయటపడ్డారు. నూటికి పదిమంది తేడా. మంత్రం కాదు, అబద్ధమూ కాదు. ఈ లెక్క మనకు వినయం కూడా నేర్పుతుంది. కౌన్సెలింగ్ పొందినా అందరూ మానరు.

మన రాష్ట్రం సంగతి

తాగుడు మీద పోరాటంలో తెలుగువారు వెనుకబడినవారు కాదు. 1990 తర్వాత నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీక్షలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు మనం పాఠాలలో విన్నాం. ఆ ఉద్యమం వల్ల 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు. ఆ ఉద్యమం గొప్పది, ఆ తల్లులకు దండం పెట్టాలి. అయితే అది సీసా మీద జరిగిన పోరాటం. వణికే చేతులతో ఇంట్లో కూర్చున్న మనిషి పక్కన కూర్చునేవారిని తయారుచేసే పని ఆ స్థాయిలో జరగలేదు.

ఎంత తక్కువగా జరిగిందో ఒక లెక్క చెబుతుంది. కేంద్ర సామాజిక న్యాయ సాధికారత మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ వారు చేసిన సర్వే 2019లో వచ్చింది. దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. తాగుడు వల్ల సాయం అవసరమైన స్థితిలో 5.7 కోట్ల మంది ఉన్నారు. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినట్టు చెప్పారు. మిగతా 37 మంది ఎక్కడున్నారు? మన వాడల్లో ఉన్నారు.

శిక్షణ ఇచ్చే సంస్థలు లేక కాదు. అదే మంత్రిత్వ శాఖ కింద ఢిల్లీలో జాతీయ సామాజిక రక్షణ సంస్థ ఉంది. 1998లో అందులో మత్తు పదార్థాల నివారణకు జాతీయ కేంద్రం పెట్టి కౌన్సెలర్లకు శిక్షణ మొదలుపెట్టారు. బెంగళూరులోని నిమ్హాన్స్‌కు 1994లో విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. మన జిల్లాల నుండి కూడా రోగులను తీసుకుపోయే చోటు అది. అక్కడి వ్యసన చికిత్స కేంద్రంలో చాలాకాలం పనిచేసిన డాక్టర్ ప్రతిమా మూర్తి 2021లో మొత్తం సంస్థకే డైరెక్టర్ అయ్యారు. దూరపు జిల్లాల డాక్టర్లకు, కౌన్సెలర్లకు కంప్యూటర్ ద్వారా పాఠాలు చెప్పే ఏర్పాటు కూడా ఆ సంస్థ చేసింది. మన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం చూసే కేంద్ర మంత్రిత్వ శాఖ, డీ అడిక్షన్ సెంటర్లకు నిధులిచ్చే మంత్రిత్వ శాఖ ఒకటేనని మనలో ఎంతమందికి తెలుసు?

హాస్టల్ విద్యార్థులకు నా మాట

ఆదివారం హాస్టల్ గేటు దగ్గరికి ఎవరి నాయినో తాగి వస్తే ఆ పిల్లవాడు నీళ్ల ట్యాంకు వెనుక దాక్కోవడం మనం చూశాం. మిగతావాళ్లం నవ్వాం. ఆ నవ్విన వాళ్లలో సగం మంది ఇళ్లలో అదే పరిస్థితి. మా ఇల్లు కూడా దానికి మినహాయింపు కాదు. అందుకే కింది విషయాలు గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను.

1. నాయిన తాగడానికి నువ్వు కారణం కాదు. నీకు మార్కులు తక్కువ వచ్చినందుకు, ఫీజు అడిగినందుకు ఆయన తాగలేదు.

2. ఆయనను మాన్పించడం నీ బాధ్యత కాదు. నీ బాధ్యత చదువు. అమెరికాలో తాగేవారి పిల్లల కోసం 1957లోనే అలాటీన్ అనే సంఘం పెట్టారు. ఈ బరువు పిల్లలు ఒంటరిగా మోయలేరని అప్పుడే గుర్తించారు.

3. రోజూ తాగే మనిషిని ఒక్కసారిగా గదిలో పెట్టి మాన్పించవద్దు. కల్తీ కల్లు అలవాటున్నవారిని అసలే వద్దు. ముందు ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరుకు చూపించాలి.

4. తెలియకుండా కూరలో మందు కలపవద్దు. ఆ పొడులలో ఏముందో ఎవరికీ తెలియదు. కొన్ని మందుల మీద మద్యం తాగితే గుండెకే ప్రమాదం.

5. సలహా కోసం కేంద్ర ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. రెండింటికీ డబ్బులు పడవు.

6. డిగ్రీలో సోషియాలజీ, సైకాలజీ, సోషల్ వర్క్ తీసుకునేవారు ఈ రంగాన్ని ఒకసారి ఆలోచించండి. అందరూ టీచర్ పోస్టుకో పోలీసు పోస్టుకో పోవాల్సిన అవసరం లేదు.

చివరిగా ఒక్క మాట. యేల్ బడిలోనైనా, విల్‌మార్ ఆసుపత్రిలోనైనా, మద్రాసులోనైనా ఈ చదువుకు బలం ఇచ్చింది ఆ బాధ తెలిసిన మనుషులే. అయితే బాధ ఒక్కటే సరిపోలేదు. మార్టీ మాన్ తన బాధతో పాటు శాస్త్రవేత్తల అండ తీసుకున్నారు. శాంతి రంగనాథన్ తన దుఃఖాన్ని చదువుతో కలిపారు. మన దగ్గర మొదటిది ఉంది. తాగి వచ్చిన అడుగుల చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో చెప్పగలిగే పిల్లలం మనం. ఆ తెలివి ఏ పుస్తకంలోనూ దొరకదు. రెండోది, అంటే శిక్షణ, మనం సంపాదించుకోవాలి. ఈ హాస్టల్ నుండి ఒక్కరు ఆ పని నేర్చుకుని మన వాడకు తిరిగి వచ్చినా, ఆ 37 మందిలో ఒకరి ఇంటి తలుపు తట్టేవారు ఉంటారు.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ పాత హాస్టల్ విద్యార్థి,
ఎం.ఎస్.డబ్ల్యూ. చివరి సంవత్సరం